మొక్క కంటే ముందు మట్టి
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెబుతూ, పెన్షను అనేది ప్రభుత్వం దయతలచి ఇచ్చే భిక్ష కాదు, ఉద్యోగి హక్కు అన్నది. ఇలాంటి రోజున డి.ఎ. బకాయిల మీద, హెల్త్ కార్డుల మీద గట్టిగా మాట్లాడగలవారు మనలో చాలామంది ఉన్నారు. వారంతా మాట్లాడేశారు కూడా. భోజనాలకు ముందు మిగిలిన అరగంటలో పెరటి తోట గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు నన్ను ఆజ్ఞాపించారు. నేను వ్యవసాయ శాస్త్రం చదివినవాణ్ణి కాను. 1974లో జూనియర్ అసిస్టెంటుగా చేరి, ముప్పైనాలుగేళ్ళు ఫైళ్ళు నడిపి, 2008లో దిగిపోయినవాణ్ణి. నేను చెప్పగలిగిందల్లా, నా చేతులారా చంపుకున్న ఒక చెట్టు గురించి, ఆ తర్వాత బుద్ధి తెచ్చుకుని నేర్చుకున్న సంగతుల గురించి.

మనలో చాలామందిలాగే నేనూ గ్రాట్యుటీ, కమ్యుటేషను డబ్బులు కలిపి చిన్న ఇల్లు కట్టుకున్నాను. నల్లరేగడి నేల. స్థలం పల్లంగా ఉంటే ఎక్కడిదో పాత కట్టడం కూల్చిన రద్దు తెప్పించి మెరక చేయించాను. దాని మీద ఇల్లు. ఇల్లు పూర్తయ్యాక మిగిలిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్ళలు, సున్నం బెడ్డలు అన్నీ మేస్త్రీ పెరట్లోకి నెట్టి, పైన ఆరంగుళాలు మట్టి పోయించి, “పెరడు తయారండీ” అన్నాడు. నేను సంతోషించాను.

మా ఇంటావిడది కోనసీమ. వాళ్ళ పుట్టింటి పెరట్లో ఒక పెద్ద సంపెంగ చెట్టు ఉండేది. వాళ్ళ నాయనమ్మ నాటించినదట. మా పెళ్ళిలో ఆవిడ జడలో పెట్టింది ఆ చెట్టు పూలే. ఇల్లు అవగానే ఆవిడ కోరిన కోరిక ఒక్కటే, ఆ చెట్టు గింజల నుంచి మొలిచిన మొక్కను తెచ్చి పెరట్లో వేసుకోవాలని. 2009 ఆషాఢంలో తెచ్చాము. ఒడిలో పెట్టుకుని రైల్లో తెచ్చింది.

గొయ్యి తవ్వుతుండగా ఆవిడ చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకుని ఉమ్మేసింది. “ఏమండీ, ఇది తాంబూలంలో సున్నం ఎక్కువైనట్లు నాలుక మీద మండుతున్నది. ఇందులో వేర్లు బతుకుతాయా? ఎవరికైనా చూపిద్దాం” అన్నది. నేను నవ్వి, “మట్టి రుచి చూడటానికి ఇదేమన్నా పులుసా?” అన్నాను. ఆఫీసులో నేను రాసిన నోటును చదవకుండానే పక్కన పడేసిన అధికారుల మీద జీవితమంతా చిర్రుబుర్రులాడినవాణ్ణి. ఇంట్లో ఆవిడ పెట్టిన నోటును నేను చదవలేదు.

మొక్క వర్షాలున్నంత కాలం బాగానే ఉన్నది. కార్తీకం వచ్చేసరికి లేత ఆకులు పచ్చబడటం మొదలయింది. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, మధ్యభాగం పసుపుగా. నీరు తక్కువేమోనని బోరు నీళ్ళు రెండుపూటలా పోశాను. ఇంకా పాలిపోయింది. అప్పుడు పాత పుస్తకాల బండి మీద ఒక ఇంగ్లీషు తోటపని పుస్తకం దొరికింది. అట్ట బాగుంది, బొమ్మలు బాగున్నాయి. తోటల నేలలు సాధారణంగా పులిసిపోయి ఉంటాయి, ఏటా చలికాలంలో సున్నం చల్లాలి, బూడిద వేయాలి అని అందులో స్పష్టంగా ఉన్నది. అచ్చులో ఉన్న మాటను కాదనే అలవాటు గుమాస్తాకు ఉండదు. 2010 జనవరిలో శేరు సున్నం తెచ్చి మొదట్లో చల్లి, మీద పొయ్యి బూడిద వేసి, నీళ్ళు పోశాను. మే నెలకు మొక్క కట్టెపుల్ల అయింది.

ఆ పుస్తకం అబద్ధం చెప్పలేదని తర్వాత తెలుసుకున్నాను. అది వానలు ఎడతెగక కురిసే ఇంగ్లండు నేలల కోసం రాసింది. ఎక్కువ వానలు పడేచోట నేలలోని సున్నం, మెగ్నీషియం లాంటివి కిందికి కొట్టుకుపోయి నేల పులుస్తుంది. అక్కడ సున్నం మందు. మా పెరట్లో అప్పటికే సున్నం నిండి ఉన్నది. మన భాషలో చెప్పాలంటే, ఆ జీవో మన శాఖకు వర్తించదు. మా అబ్బాయి అమెరికాలో న్యూజెర్సీలో ఉంటాడు. వాడు గోంగూర మడికి సున్నం వేస్తానంటే, నేల పరీక్ష చేయించావా అని మాత్రం అడిగాను. చేయించాడు, అక్కడ వేయవలసిందే. వాడికి సరి, నాకు తప్పు.

ఇప్పుడు ఆ పులుపు, కారం అనే లెక్క ఏమిటో కొంచెం చెబుతాను. దాన్ని ఉదజని సూచిక అంటారు. వ్యవసాయ శాఖ వారి కార్డుల మీద పి.హెచ్. అని ఉంటుంది. 0 నుంచి 14 వరకు కొలబద్ద. నడుమ 7 తటస్థం. అంతకు తక్కువైతే ఆమ్లం, అంటే పులుపు. ఎక్కువైతే క్షారం. 1909లో డెన్మార్కులో సోరెన్‌సెన్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని ప్రవేశపెట్టాడు. ఆయన పనిచేసింది ఒక బీరు కంపెనీ వారి ప్రయోగశాలలో. మన పెరటి మంచిచెడ్డలు చెప్పే కొలత బీరు వారి ఇంట పుట్టిందంటే మన అధ్యక్షుల వారికి కొంచెం ఇబ్బందిగా ఉండవచ్చు.

ఇందులో ఒక కిటుకు ఉన్నది. 7 నుంచి 8కి ఒక్క మెట్టే గదా అనిపిస్తుంది. కాదు. ఒక్కొక్క మెట్టు పదిరెట్లు. 8 ఉన్న నేల 7 ఉన్న నేల కంటే పదిరెట్లు క్షారం, 9 ఉన్నది నూరురెట్లు. కాబట్టి పి.హెచ్. అర మెట్టు తేడాను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. ఇది వార్షిక ఇంక్రిమెంటు లాంటిది కాదు, స్కేలు మారడం లాంటిది.

కూరగాయలకు, పూలకు, పండ్లకు చాలావాటికి ఆరున్నర నుంచి ఏడున్నర మధ్య నేల అనుకూలం. ఎందుకంటే పోషకాలన్నీ మొక్కకు అందేది అక్కడే. నేలలో ఇనుము ఎంతైనా ఉండవచ్చు. క్షారం పెరిగితే అది కరగని రూపంలోకి మారి వేరుకు దొరకదు. జింకు కూడా అంతే. భాస్వరమైతే రెండు వైపులా చిక్కే. పులుపు నేలలో ఇనుము, అల్యూమినియంతో ముడిపడిపోతుంది, క్షారనేలలో సున్నంతో ముడిపడిపోతుంది. ట్రెజరీలో డబ్బున్నది, బిల్లు మాత్రం పాసు కాదు. మా సంపెంగ ఆకులు పచ్చబడింది ఇనుము అందక. లేత ఆకుల్లో ముందుగా కనిపించటం, ఈనెలు ఆకుపచ్చగా మిగలటం దానికి గుర్తు. నత్రజని లోపమైతే ముదురు ఆకులు ముందు పచ్చబడతాయి. ఈ తేడా తెలియక యూరియా గుప్పించేవారు మన కాలనీలోనే ఉన్నారు. పేర్లు చెప్పను, ఇక్కడే కూర్చున్నారు.

మన దగ్గర నేలలు ఒకే తీరు కాదు. నల్లరేగడి సాధారణంగా క్షారం వైపు ఉంటుంది. తవ్వితే తెల్లటి సున్నపు రాళ్ళు కనబడతాయి. ఎర్రనేలలు, తెలంగాణాలో చల్కా అంటారే అవి, తటస్థానికి దగ్గరగానో, కొంచెం పులుపు వైపో ఉంటాయి. ఉత్తరాంధ్ర ఏజన్సీ కొండల్లో వర్షం ఎక్కువ గనుక పులుపు నేలలు ఉన్నాయి. తేయాకు లాంటివాటికి పులుపే కావాలి, నాలుగున్నర నుంచి అయిదున్నర. ఊటీ వెళ్ళినవారు హైడ్రాంజియా పూలు చూసే ఉంటారు. పులుపు నేలలో నీలంగా, క్షారపు నేలలో గులాబిగా పూస్తాయి. ఇక చౌడు. పాలచౌడు వేరు, కారుచౌడు వేరు. పాలచౌడులో లవణాలు ఎక్కువ, నేల మీద తెల్లగా పేరుకుంటాయి, మంచినీరు పెట్టి మురుగు తీసేస్తే దారికి వస్తుంది. కారుచౌడులో సోడియం పట్టుకుని ఉంటుంది, పి.హెచ్. ఎనిమిదిన్నర దాటుతుంది. దానికి జిప్సం వేసి, నీరు కట్టి, జీలుగ వేసి కలియదున్నుతారు. జిప్సం తెల్లగానే ఉంటుంది, సున్నమూ తెల్లగానే ఉంటుంది. ఒకదాని బదులు ఒకటి వేయకూడదు. సున్నం పులుపు నేలకు, జిప్సం కారుచౌడుకు.

మొక్క చచ్చాక భూసార పరీక్షా కేంద్రానికి వెళ్ళాను. మన దేశంలో ఇలాంటి కేంద్రాలు 1955-56లోనే మొదలయ్యాయి. అప్పుడు 24 మాత్రమే. నాకు అవసరం వచ్చేదాకా మా ఊరికి అంత దగ్గరలో ఒకటి ఉన్నదని తెలియదు. అక్కడ మొదటిసారే నా మట్టిని తిప్పి పంపారు. న్యాయమే. పేడకుప్ప పక్కన పైపైన దోసెడు మట్టి తీసి, ఖాళీ యూరియా సంచిలో పోసుకుని పోయాను. అందులో ఏమి కొలిచినా అది పేడ లెక్క, యూరియా లెక్క అవుతుంది గాని నేల లెక్క కాదు. అక్కడి ఉద్యోగి, నా మనవడి వయసు వాడు, ఓపికగా కూర్చోబెట్టి నేర్పాడు. ఆయన చెప్పినట్లే మీకు చెబుతాను.

పెరట్లో ఏడెనిమిది చోట్ల, చెట్టు మొదలు, గట్టు, పెంటకుప్ప, నీరు నిలిచేచోటు వదిలి, పైన చెత్త పక్కకు తీసి, పారతో ఆంగ్లంలోని వి అక్షరం ఆకారంలో ఆరంగుళాల లోతు గుంట తీయాలి. గుంటలోని మట్టిని పారేసి, గోడ వెంబడి పైనుంచి కిందివరకు అంగుళం మందాన పెచ్చు తీసి బక్కెట్లో వేయాలి. అన్నిచోట్లదీ అలా వేసి, బాగా కలిపి, గుడ్డ మీద గుండ్రంగా పరచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసేయాలి. మిగిలినదాన్ని మళ్ళీ కలిపి మళ్ళీ నాలుగు చేసి మళ్ళీ రెండు తీసేయాలి. అరకిలో మిగిలేదాకా ఇదే. నీడలో ఆరబెట్టి, శుభ్రమైన గుడ్డసంచిలో పోసి, లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ పెట్టాలి. పేరు, స్థలం, ఏ మొక్క వేయదలచారో రాయాలి. రెండు చీటీలు ఎందుకంటే, అది నేను వేరే చెప్పక్కరలేదు, ఫైలు పైఅట్ట ఊడిపోవడం మనం చూడనిదా! చెట్ల కోసమైతే మూడడుగుల గొయ్యి తీసి అడుగు అడుగుకు వేరు పొట్లం కట్టాలి. నా పెరట్లో పై ఆరంగుళాలు పెద్దమనిషిలాగే ఉన్నాయి. దొంగలంతా రెండో అడుగులో ఉన్నారు.

ఫలితం వచ్చింది. పై మట్టి 7.8. రెండో అడుగు 8.4. సున్నం ఎక్కువ, సేంద్రియ కర్బనం తక్కువ. 8.4 అంటే ఎనిమిదిన్నర లోపలే గనుక కారుచౌడు కాదు, జిప్సం అక్కరలేదు, ఇది సున్నపు నేల అని ఆ అబ్బాయి వివరించాడు. కాగితం తెచ్చి మా ఆవిడ చేతికిచ్చాను. కళ్ళజోడు పెట్టుకుని చదివి, “నాలుక చెప్పిందే మిషను కూడా చెప్పింది” అన్నది, అంతే.

ఇంట్లో పరీక్ష చేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. చేసుకోవచ్చు. రసాయనాలు అమ్మే దుకాణంలో పి.హెచ్. కాగితాల పుస్తకం దొరుకుతుంది. ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్ళు, అంటే ఇరవై గ్రాములకు యాభై మిల్లీలీటర్లు, గాజు గ్లాసులో పోసి, అరగంట పాటు మధ్యమధ్య కలుపుతూ ఉండాలి. తర్వాత తేరిన నీటిలో కాగితం ముంచి రంగు పోల్చుకోవాలి. నీళ్ళు మాత్రం కుళాయివి, బోరువి పనికిరావు. వాటి లెక్క వాటికుంటుంది, మట్టి లెక్కను చెడగొడతాయి. ఇన్వర్టరు బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరు సీసా అందరి ఇళ్ళల్లో ఉంటుంది, అది వాడండి. కాగితం అర మెట్టు అటూఇటూగా చెబుతుంది. గొయ్యి తవ్వాలా వద్దా తేల్చుకోవడానికి అది చాలు. మందు ఎంత వేయాలో తేల్చడానికి చాలదు, దానికి కేంద్రానికే పోవాలి.

రెండు పుల్లలు ఉండి మట్టిలో గుచ్చితే ముల్లు తిరిగే పరికరం ఒకటి అమ్ముతున్నారు. నేనూ కొన్నాను. పెరట్లో ఎక్కడ గుచ్చినా 7 చూపించింది. అనుమానం వచ్చి పులిసిన ఇడ్లీ పిండిలో గుచ్చాను. అక్కడా 7. ఆ పిండి గతి ఏమయిందో, నన్ను ఏమన్నారో ఈ సభలో చెప్పను.

కాగితాలు కూడా లేనివారికి మన వంటింట్లో ఒక సాధనం ఉన్నది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుంది కదా, ఎర్రగా. పసుపు క్షారం తగిలితే ఎర్రబడుతుంది. తెల్లకాగితానికి పసుపునీళ్ళు పట్టించి ఆరబెట్టి, మట్టి తేట ఒక చుక్క వేయండి. ఎర్రబడితే క్షారం బాగా ఉన్నట్లు. ఎర్రబడకపోతే మంచి నేల అని కాదు సుమండీ, ఎనిమిదికి దిగువన పసుపు పెద్దగా మాట్లాడదు, పులుపు సంగతి అసలే చెప్పదు. ఎర్ర మందార రేకుల రసం రెండువైపులా చెబుతుంది, పులుపుకు గులాబి, క్షారానికి ఆకుపచ్చ. మట్టిలోని తెల్ల రాయి మీద నిమ్మరసం పిండితే బుసబుస పొంగితే అది సున్నం. ఇవన్నీ మనవలకు చూపించడానికి కూడా బాగుంటాయి.

ఇక తేలిన నేలను ఏం చేయాలి? పులుపు నేలను సున్నంతో సరిచేయడం కొంత తేలిక. సున్నపు నేలను దించడం కష్టం, ఈ మాట మొహమాటం లేకుండా చెప్పాలి. గంధకం వేస్తే నేలలోని సూక్ష్మజీవులు దాన్ని ఆమ్లంగా మారుస్తాయి, దానికి నెలలు పడుతుంది. సున్నం బాగా ఉన్న నేలలో ఆ ఆమ్లం సున్నాన్ని కరిగించడానికే సరిపోతుంది. అందుచేత తెలివైన దారి, నేలకు తగిన మొక్కను వేయడం. ఉసిరి, రేగు, సపోటా, దానిమ్మ, జామ కొంత క్షారాన్ని ఓర్చుకుంటాయి. నిమ్మ, బత్తాయి, సంపెంగ ఓర్చవు. మల్లె కూడా పాలిపోతుంది. పాలిపోయినవాటికి లీటరు నీటికి అయిదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మఉప్పు కలిపి, సాయంత్రం పూట ఆకులు తడిసేట్లు చల్లాలి. వారం పదిరోజులకు మళ్ళీ చల్లాలి. అన్నభేది మొదట్లో పోస్తే సున్నం పట్టేసుకుంటుంది, ఆకుల మీద చల్లితేనే ప్రయోజనం. కలిపిన పూటే వాడేయాలి. గచ్చు మీద పడితే తుప్పు మరక పోదు, మా గచ్చు మీద ఇప్పటికీ ఉన్నది.

నిజానికి నేను ఉసిరి వేసుకుని ఊరుకోవలసింది. కాని పోయింది సంపెంగ. ఆ ఎండాకాలంలోనే ఒక పెళ్ళికి కోనసీమ వెళ్ళాము. ఇంకో మొక్క తెచ్చుకుందామని గుడ్డసంచి కూడా పట్టుకెళ్ళాము. అన్నదమ్ములు పంచుకున్నారు. పెరట్లో ప్రహరీ గోడ పడింది. చెట్టు కొట్టేసి మూడు నెలలయిందట. మొదలు కూడా తీసేసి అక్కడ మోటారు షెడ్డు వేశారు. మొక్కలు ఏమైనా ఉన్నాయేమోనని ఆవిడ గోడ వెంట అటూ ఇటూ చాలాసేపు వెదికింది. లేవు. ఆ చెట్టుకు మిగిలిన ఏకైక సంతానం మా పెరట్లో నేను సున్నం పోసినదేనని నాకు అప్పుడు తెలిసింది. అరకిలో మట్టి ముందే పంపి ఉంటే సరిపోయేది. తిరుగు ప్రయాణంలో రైల్లో ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది.

2011 వేసవిలో మనుషుల్ని పెట్టి, పెరట్లో ఒక మూల నాలుగడుగుల గొయ్యి తవ్వించి రద్దంతా బయటికి తీయించాను. రెండు ట్రాక్టర్ల ఎర్రమట్టి తెప్పించాను. ఈసారి ట్రాక్టరు దించకముందే పొట్లం కట్టుకుని పరీక్షకు పోయాను. మొదటి చోటి మట్టి 7.9 వచ్చింది, వద్దన్నాను. ట్రాక్టరు యజమాని నన్ను పిచ్చివాణ్ణి చూసినట్లు చూశాడు. రెండో చోటిది 6.7. దాంట్లో మూడో వంతు మాగిన పశువుల ఎరువు, కొంచెం వేపపిండి కలిపి, చుట్టూ నేల కంటే అడుగు ఎత్తుగా దిబ్బ పోయించాను. బోరు నీళ్ళు కూడా పరీక్షించాను, 8.2. ఏళ్ళ తరబడి ఆ నీళ్ళు పోస్తే మంచిమట్టి కూడా మెల్లగా అటే జారుతుంది. అందుకని మేడ మీది వాననీరు తొట్టిలోకి మళ్ళించాను. కడియం నర్సరీ నుంచి అంటుమొక్క తెచ్చి నాటాము. నాటింది ఆవిడే. నేను కొలత కాగితాలు పట్టుకుని పక్కన నిలబడ్డాను.

రెండేళ్ళకొకసారి ఆ దిబ్బ మట్టి చూస్తూనే ఉన్నాను. 6.7 నుంచి 7.1, 7.3, ఇప్పుడు 7.5. చుట్టూ ఉన్న సున్నం ఊరుకోదు. ఏటా ఎరువు వేస్తున్నాను, ఆకు పాలిపోతే అన్నభేది చల్లుతున్నాను. నేను ఉన్నంతకాలం ఆపగలననుకుంటున్నాను.

2014 వానాకాలంలో మొదటి పువ్వు పూసింది. కోసి తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. వాసన చూసి, “బాగుంది. మా చెట్టు వాసన వేరు” అన్నది. తర్వాత జడలో పెట్టుకున్నది.

2015 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం భూసార కార్డుల పథకం మొదలుపెట్టాక, పి.హెచ్.తో కలిపి పన్నెండు అంశాలు చూసి కార్డు మీద రాసి ఇస్తున్నారు. అది పొలాలున్నవారికి. మనలో ఊళ్ళో ఎకరం రెండెకరాలు ఉన్నవారు కౌలుదారు మీద వదిలేయకుండా ఆ కార్డు ఒకసారి తీసి చూడండి. పంట లేనప్పుడు, ఎండాకాలంలో మట్టి తీయడం మేలు. ఎరువు వేసిన వెంటనే తీయకండి.

బయట బల్ల మీద పి.హెచ్. కాగితాలు, ఒక డిస్టిల్డ్ వాటరు సీసా, నాలుగు గ్లాసులు పెట్టి ఉంచాను. వచ్చే నెల సమావేశానికి వచ్చేటప్పుడు, ఇందాక చెప్పిన పద్ధతిలో తీసి ఆరబెట్టిన మట్టి ఒక్కొక్క పొట్లం తీసుకురండి. చీటీ లోపలా బయటా పెట్టండి. యూరియా సంచిలో తెచ్చినవారి మట్టి తిప్పి పంపబడుతుంది.